వలస పక్షులా, మన ఊరి బిడ్డలా? – తేలుకుంచి, తేలినీలాపురం కొంగల కథ

కొంతకాలం క్రితం తెలుగు తరగతిలో ‘మా జిల్లా విశేషాలు’ అనే అంశం మీద వ్యాసం వ్రాయమన్నాను. ఒక విద్యార్థిని ఇట్లా వ్రాసింది: “శ్రీకాకుళం జిల్లాలోని తేలుకుంచి, తేలినీలాపురం గ్రామాలకు ప్రతి సంవత్సరం సైబీరియా నుండి వేల మైళ్లు ఎగిరి విదేశీ పక్షులు వస్తాయి.” వాక్యం నిర్దుష్టంగా ఉన్నది. నేను దాని ప్రక్కన ‘బాగున్నది’ అని వ్రాసి మార్కులు వేశాను. ఆ వ్యాసాన్ని తరగతిలో చదివి వినిపించినప్పుడు ఇచ్ఛాపురం వైపు నుండి వచ్చే ఒక అబ్బాయి వెనుక బల్ల నుండి లేచి, “అవి మా వైపు చింతచెట్ల మీదే పిల్లల్ని పొదుగుతాయి కదండి మాస్టారూ. ఇక్కడ పుట్టినవి ఇక్కడివి కావేటండి?” అని అడిగాడు.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని పక్షిశాస్త్ర గ్రంథాలు తిరగవేసిన తరువాత అబ్బాయి మాటే నిజమనీ, నేను మార్కులు వేసిన వాక్యమే తప్పనీ తేలింది. ఆ తప్పును సరిదిద్దుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం ఒక వాక్యదోషం కాదు. ఈ పక్షులు ఎవరివి అన్న ప్రశ్నకు మనం చెప్పుకొనే సమాధానాన్ని బట్టి వాటి పట్ల మన బాధ్యత కూడ మారిపోతుంది.

‘వలస’ అనే మాట

నేను భాషోపాధ్యాయుడను గనుక ముందు మాటతోనే ప్రారంభిస్తాను. ‘వలస’ అనగానే నేడు మనకు ఉన్న ఊరు విడిచిపోవడమే స్ఫురిస్తుంది. పొట్టకూటికై హైదరాబాదుకో, చెన్నపట్నానికో, గుజరాతు రేవులకో పోయే మన జిల్లా జనాన్ని తలచుకొంటే అట్లా స్ఫురించడం సహజమే. కాని ఉత్తరాంధ్రలో ఈ మాటకు మరొక ముఖం ఉన్నది. శ్రీకాకుళం ప్రక్కన ఆమదాలవలస ఉన్నది. విజయనగరం జిల్లాలో కొత్తవలస ఉన్నది. ‘వలస’ చివర గల ఊళ్లు ఈ రెండు జిల్లాలలో ఎన్నో కనబడతాయి. ఎక్కడి నుండో వచ్చినవారు పాకలు వేసుకొని, పొలం దున్నుకొని, బిడ్డలను కన్న చోటికి ఆ పేరు స్థిరపడింది. అంటే మన ప్రాంతంలో వలస అనేది పోవడమే కాదు, వచ్చి నిలవడం కూడ. కొత్తవలసలో పుట్టినవానిని పరదేశి అని ఎవ్వరూ అనరు. ఈ న్యాయాన్నే పక్షులకూ వర్తింపజేసి చూద్దాం.

తేలుకుంచి నత్తగుల్లకొంగ

తేలుకుంచి ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దు సమీపాన ఉన్న గ్రామం. జూన్, జూలై నెలలలో తొలకరి పడి నేల తడవగానే అక్కడికి గుంపులు గుంపులుగా కొంగలు దిగుతాయి. పక్షిశాస్త్రజ్ఞులు దీనిని ఏషియన్ ఓపెన్‌బిల్ అంటారు; శాస్త్రీయ నామం అనాస్టోమస్ ఆసిటాన్స్. తెలుగు పత్రికలు నత్తగుల్లకొంగ అని వ్రాస్తుంటాయి. హిందూస్తానీలో దీని పేరు ఘోంఘిల్. ‘ఘోంఘా’ అనగా నత్త. తెలుగువాడు, ఉర్దూ మాట్లాడేవాడు ఒకరినొకరు అడగకుండానే దానిని అది తినే తిండిని బట్టి పిలిచారన్నమాట. ఆ పేరులోనే దాని జీవితరహస్యమంతా ఉన్నది.

నిలబడితే ఇది సుమారు 68 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెక్కల అంచులు, తోక నల్లగా మెరుస్తాయి. మిగిలిన ఒళ్లు మామూలు రోజులలో పొగరంగులో ఉండి, గూడు కట్టే కాలంలో తెల్లబడుతుంది. దీనికి గొంతు లేదనే చెప్పవచ్చు; పై ముక్కును క్రింది ముక్కుతో టకటక కొట్టి చప్పుడు చేయడమే దాని భాష. ఆడమగ రెండూ కలిసి పుల్లలు తెచ్చి గూడు కడతాయి. రెండు నుండి నాలుగు గుడ్లు పెట్టి, సుమారు 25 రోజులు పొదుగుతాయి. ఎండ తీక్షణంగా ఉన్నప్పుడు తల్లి గాని తండ్రి గాని గూటిపై నిలబడి రెక్కలు వదులుగా విప్పి పిల్లలకు గొడుగు పడుతుంది. పిల్లలు గూడు విడవడానికి ఇంచుమించు ఐదు వారాలు పడుతుంది. నవంబరు, డిసెంబరు నాటికి పిల్లలతో సహా గుంపులు తరలిపోతాయి.

ముక్కులోని సందు

ఈ కొంగ ముక్కు మూసినా పూర్తిగా మూతపడదు. రెండు దవడల మధ్య వంపు తిరిగిన సందు ఒకటి మిగులుతుంది. ఆ సందు దేనికన్నది చాలకాలం వివాదాంశమైంది. సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్‌లీ 1960లో ఈ విషయాన్ని పరిశీలించి, అడకత్తెరలో పోకచెక్కను నొక్కినట్లు నత్తగుల్లను ఆ సందులో ఇరికించి పగులగొడుతుందని భావించాడు. ఊహ చక్కగా ఉన్నది గాని నిజం కాదని తరువాతి పరిశీలనలలో తేలింది. పిల్లకొంగలకు ఆ సందు ఉండదు. వయసుతో పాటు ఏర్పడుతుంది. అయినా పిల్లకొంగలు నత్తలను చక్కగా తింటాయి.

అసలు పద్ధతి వేరు. లోతు తక్కువ నీటిలో ముక్కును కొంచెం తెరిచి పొడుస్తూ, కొంగ బురదలో తడవుతుంది. నత్త తగలగానే దానిని నీటి అడుగునే అదిమిపెట్టి, క్రింది ముక్కు మొనను గుల్ల మూత ప్రక్కగా లోనికి దూర్చి, మెత్తని మాంసాన్ని వెలికి లాగుతుంది. చాలసార్లు గుల్ల పగలనే పగలదు. ముక్కు మధ్య వంపు ఉండడం వలన మొనలు బలంగా ఆనుకొనగలుగుతాయని ఇప్పటి అభిప్రాయం. నెల్లూరులో పనిచేసిన ఆంగ్లేయ వైద్యుడు టి. సి. జెర్డన్ పందొమ్మిదవ శతాబ్దంలోనే, కళ్లకు గంతలు కట్టినా ఈ కొంగ నత్తను పట్టి తినగలదని వ్రాశాడు. కంటితో కాక స్పర్శతో వేటాడే పక్షి ఇది. కాబట్టి దానికి స్వచ్ఛమైన నీరు అంతగా అవసరం లేదు గాని, లోతు తక్కువైన నీరు, మెత్తని బురద, ఆ బురదలో ప్రాణమున్న నత్తలు తప్పనిసరి.

ఇక తొలకరికే ఎందుకు వస్తుందో గ్రహించడం సులభం. మన చెరువులలో, వరిమళ్లలో ఉండే పెద్ద నత్త, అనగా పైలా గ్లోబోసా, వేసవిలో బురదలోకి దిగి, గుల్ల మూత బిగించుకొని నిద్రపోతుంది. తొలి వానలకు మేల్కొని పైకి వస్తుంది. ఊడ్పుల వేళ మళ్లన్నీ నత్తలతో నిండుతాయి. సరిగ్గా ఆ రోజులకే తన పిల్లలు నోళ్లు తెరిచేటట్లు కొంగ లెక్క వేసుకొంటుంది. కోతలకు ముందు మళ్లు ఆరిపోయే నాటికి పిల్లలకు రెక్కలు వస్తాయి. రైతు పంచాంగం, కొంగ పంచాంగం ఒక్కటే. తేలుకుంచి ప్రజలు ఈ పక్షుల రాకను వానలకు, పంటలకు శుభసూచకంగా భావించడంలో కేవలం విశ్వాసమే గాక అనుభవం కూడ ఉన్నది.

తేలినీలాపురం: మరొక పంచాంగం

టెక్కలి మండలంలోని తేలినీలాపురం సంగతి దీనికి భిన్నం. అక్కడికి వచ్చేవి ముఖ్యంగా రెండు జాతులు: ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అనే రంగుకొంగ, గూడబాతు. అవి తొలకరికి రావు. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి మార్చి, ఏప్రిల్ నెలలకు వెళ్లిపోతాయి. ఒకే జిల్లాలో రెండు ఊళ్లకు రెండు కాలాలు ఎందుకు?

దీనికీ తిండే కారణం. ఈ రెండు జాతులూ చేపల మీద బ్రతుకుతాయి. వానకాలంలో నీరు పొంగి విశాలంగా పరచుకొన్నప్పుడు చేపలు చెదరిపోయి ఉంటాయి. వానలు వెనుకపట్టి నీరు తీస్తున్నకొద్దీ అవి గుంటలలోకి, లోతు తక్కువ మడుగులలోకి చేరతాయి. రంగుకొంగ కూడ స్పర్శతోనే వేటాడుతుంది. సగం తెరచిన ముక్కును నీటిలో అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది, చేప తగిలిన క్షణంలో మూస్తుంది. చేపలు చిక్కగా ఉన్నప్పుడే ఆ పద్ధతి ఫలిస్తుంది. గూడబాతు తన గొంతు సంచిని వలవలె వాడుతుంది. తేలినీలాపురానికి చేరువలో నౌపడ ఉప్పుమళ్లు, వాటిని ఆనుకొన్న చిత్తడినేలలు, సముద్రపు పోటు నీరు ఎక్కే కయ్యలు ఉన్నాయి. గూళ్లు ఊరి చెట్ల మీద, వంటిల్లు నౌపడ బురదలో.

కాబట్టి చెట్టును మాత్రం కాపాడి బురదను పూడ్చితే, ఇల్లు నిలబెట్టి పొయ్యి ఆర్పినట్లే అవుతుంది.

మరి సైబీరియా నుండి వచ్చేవి ఏవి?

నత్తగుల్లకొంగ, రంగుకొంగ, మన గూడబాతు – ఈ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. సైబీరియా ముఖం ఎరుగవు. ఇవి అసలు ప్రయాణమే చేయవని కాదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పక్షుల కాలికి అంకెలు గల తేలికైన లోహపు కడియం తొడిగి విడిచిపెట్టే పద్ధతిని 1959 నుండి పెద్ద ఎత్తున సాగించారు. ఆ కృషికి నాయకుడు డాక్టర్ సాలిం అలీ. 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన ఆ మహనీయుడు 1987లో మరణించేవరకు భారతదేశపు పక్షుల కొరకే జీవించాడు. ఆయన పుట్టినరోజును పక్షి పరిశీలకులు నేడు దేశమంతటా జరుపుకొంటున్నారు. ఇట్టి కడియాల వలన తెలిసినదేమంటే, భరత్‌పూర్‌లో కడియం వేసిన నత్తగుల్లకొంగలు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరాన దొరికాయి. థాయిలాండులో కడియం వేసినవి 1500 కిలోమీటర్ల పడమట బంగ్లాదేశ్‌లో కనిపించాయి. అనగా నీరు, నత్త ఎక్కడ ఉంటే అక్కడికి సాగిపోయే సంచారి ఇది. కాని అది గూడు కట్టి బిడ్డను కనేది మన నేల మీదనే.

సైబీరియా నుండి నిజంగా వచ్చే పక్షులు మనకు లేకపోలేదు. చలికాలంలో మన తూర్పుతీరపు బురదనేలలకు, ఉప్పుమళ్లకు ఉల్లంకి వంటి చిన్న పిట్టలు గుంపులుగా వస్తాయి. వాటిలో లిటిల్ స్టింట్ అనే పిట్ట పాతిక, ముప్పై గ్రాములు మాత్రమే తూగుతుంది. అది ఉత్తర ధ్రువానికి చేరువనున్న మంచు మైదానాలలో పుట్టి, ఖండం దాటి ఇక్కడికి వస్తుంది. కర్లూ శాండ్‌పైపర్ అనే మరొక పిట్ట పుట్టిల్లు సాక్షాత్తు సైబీరియా. బురదరంగులో ఉండే వీటిని మనం పిచ్చుకలో, పేరు లేని పిట్టలో అనుకొని దాటిపోతాము. పుట్టి పెరిగినవానిని పరదేశి అనడం, పరదేశం నుండి వచ్చినవానిని అసలు చూడనే చూడకపోవడం – ఈ రెండు పొరపాట్లూ మనవే.

సైబీరియా కొంగ అనే ఒక జాతి కూడ లేకపోలేదు. అది భరత్‌పూర్‌కు శీతకాలంలో వచ్చేది. ఏటేటా సంఖ్య తగ్గుతూ 2002 తరువాత అక్కడ కనబడకుండా పోయింది. రాని పక్షి పేరు మన చెట్ల మీది పక్షులకు అంటుకొని ఉండవచ్చును.

బీల, తంపర

మన జిల్లా తీరంలో సముద్రానికీ మెట్టభూమికీ నడుమ పల్లపు నీటినేలలు బారులు తీరి ఉన్నాయి. సోంపేట వైపు వీటిని ‘బీల’ అంటారు. సంతబొమ్మాళి వైపు ‘తంపర’ అనే మాట వినబడుతుంది. ఇవి నిఘంటువు కంటె నేలను ఎక్కువగా ఎరిగిన మాటలు. వానకాలపు వరదను పీల్చుకొని, వేసవిలో మెల్లమెల్లగా విడిచే నేల అది. వరి, చేప, పశువులమేత, తుంగ, భూగర్భజలం – ఇన్నీ అక్కడివే. కాని కాగితాల మీద అట్టి నేల తరచు ‘బంజరు’ అనే మాటగా మారుతుంది. మాట మారితే నేల తలవ్రాత మారుతుంది.

దీనికి మన కళ్లెదుటి నిదర్శనాలు రెండు ఉన్నాయి. సోంపేట బీలలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం ప్రతిపాదించినప్పుడు రైతులు, జాలరులు ఏకమై ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజులలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. నౌపడ చిత్తడినేలల ప్రక్కన కాకరాపల్లిలో మరొక విద్యుత్కేంద్రం విషయమై 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. ఆ రైతులు, జాలరులు పోరాడినది పక్షుల కోసం కాదు, తమ అన్నం కోసం. కాని వారి అన్నం, కొంగ అన్నం ఒకే కంచంలో ఉన్నాయి. అందుచేత బీలను నిలబెట్టుకొన్నవారు తమకు తెలియకుండానే పక్షికి వంటిల్లు నిలబెట్టారు.

హుద్‌హుద్, తిత్లీ

మన సాహిత్యాలలో పక్షి వార్తాహరి. శ్రీనాథుని శృంగార నైషధంలో హంస నలదమయంతులకు దూత్యం చేసింది. పవిత్ర ఖుర్ఆన్‌లో సులైమాన్ ప్రవక్తకు సబా దేశపు రాణి వార్త తెచ్చినది హుద్‌హుద్ అనే పిట్ట. కొంగకు మాత్రం మనం ‘కొంగజపం’ అనే అపవాదు తప్ప మరేమీ ఇవ్వలేదు. అయినా అది కూడ ఏటేటా ఒక వార్త మోసుకొని వస్తున్నది: ‘ఈ ఊరిలో నీరున్నది, నేలలో ప్రాణమున్నది’ అని.

ఆ హుద్‌హుద్ పేరుతోనే 2014 అక్టోబరు 12న తుపాను వచ్చి విశాఖను అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తుపాను పేరు తిత్లీ. ఉర్దూలో సీతాకోకచిలుక అని అర్థం. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. అక్టోబరు అంటే తేలుకుంచి గూళ్లలో ఇంకా పిల్లలుండే కాలం. తేలినీలాపురానికి పక్షులు అప్పుడప్పుడే చేరే కాలం. చెట్టు కూలితే గూడూ కూలుతుంది. వందల గూళ్లు మోసే చింతచెట్టు ఒక్క ఏడాదిలో పెరగదు. దానికి ఒక మనిషి జీవితకాలం కావాలి. అట్లే 2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో తేలినీలాపురంలో నూరుకు పైగా గూడబాతులు మరణించాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని భావించారు. నీటిలో జరిగే మార్పు పక్షి ప్రాణం మీదికి ఎట్లా వస్తుందో ఈ సంఘటన చూపుతున్నది.

ఊరి కాపుదల

ఇన్ని ఆపదల నడుమ ఈ పక్షులు నేటికీ వస్తున్నాయంటే అది ఆ ఊళ్ల పుణ్యమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరంగా ప్రకటించింది. కాని ఇంటి ముందరి చెట్టు మీద గూళ్లున్నప్పుడు, వాకిట్లో రెట్ట పడుతున్నా, చేపల కంపు కొడుతున్నా, కొమ్మ నరకకుండా ఊరుకొనే ఓర్పును ఏ చట్టమూ పుట్టించలేదు. అది పెద్దల నుండి పిల్లలకు వచ్చే సంస్కారం. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు 1798 ప్రాంతంలోనే కలెక్టరును ఆశ్రయించి తమ చెరువులోని పక్షులను ఎవరూ కాల్చకుండా ఆజ్ఞ పొందారు. పక్షుల రెట్టతో బలపడిన చెరువునీరు పొలానికి ఎరువని వారికి తెలుసు. మన పల్లెల జ్ఞానం కూడ ఆ కోవకు చెందినదే.

విద్యార్థినీ విద్యార్థులకు నా మనవి ఇది. జూలై మాసంలో తేలుకుంచికి, డిసెంబరులో తేలినీలాపురానికి వెళ్లండి. చెట్టు క్రింద గోల చేయకండి. బాణసంచా, రాళ్లు అసలే వద్దు. ఒక చిన్న పుస్తకంలో మూడు విషయాలు వ్రాయండి: తొలి గుంపు దిగిన తేదీ, గూళ్లున్న చెట్ల సంఖ్య, చివరి గుంపు వెళ్లిన తేదీ. ఒక్క ఏడాది లెక్క వలన తెలిసేది స్వల్పమే; పది సంవత్సరాల లెక్క అయితే శాస్త్రజ్ఞుడు సైతం కళ్లకద్దుకొంటాడు. మీ ఇళ్లలో పెద్దలు ఈ పక్షులను ఏ పేర్లతో పిలుస్తారో తెలుగులోను, ఉర్దూలోను సేకరించండి. పేరు పోయిన ప్రాణి సగం పోయినట్లే. కళాశాల సంఘం పెద్దలను నేను కోరేది కూడ స్వల్పమే: ఏటా రెండు పర్యటనలకు అనుమతి, గ్రంథాలయానికి సాలిం అలీ పక్షి గ్రంథం ఒక ప్రతి, ఈ లెక్కలు భద్రపరచడానికి ఒక బీరువా అర.

అతిథి వస్తే ఆదరిస్తాము, రాకపోతే ఈ ఏడు రాలేదని మరచిపోతాము. బిడ్డ ఇంటికి రాకపోతే వీధిలోకి వెళ్లి వెదకుతాము. తేలుకుంచి చింతకొమ్మ మీద కళ్లు తెరచిన కొంగపిల్ల మన జిల్లా బిడ్డ. అది దేశాలు తిరిగి వచ్చినా, మళ్లీ గూడు కట్టడానికి చూసుకొనే చోటులో నీరు, బురద, నత్త, చెట్టు నాలుగూ ఉండాలి. అవి ఉండేటట్లు చూడడం మన పని.

ఆ విద్యార్థిని వ్యాసంలో నేను వ్రాసిన ‘బాగున్నది’ని కొట్టివేయలేదు. దాని క్రింద ఇంకొక వాక్యం చేర్చి ఇచ్చాను: “విదేశీ అనే మాటను మరొకసారి ఆలోచించు, ఈ విషయంలో మీ మాస్టారు కూడ పొరబడినాడు.”